మాత్రలు నావి, రోగం ఆమెది

ఆడవాళ్లకే వస్తుందని అందరూ అనుకునే రోగం నాకు వచ్చింది. 2009లో, అరవై నాలుగో ఏట, ఎడమ రొమ్ములో. మగవాడికి రొమ్మేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి. దవాఖాన మెట్లెక్కేదాకా నేనూ అట్లాగే అనుకున్నాను. నాకు బడి మూడో తరగతి ఉర్దూతో ఆగిపోయింది. తెలుగు పొట్లాం కాగితాల మీద నేర్చుకున్నాను. బెల్లం కట్టిన కాగితం, మిరపకాయలు కట్టిన కాగితం, ఏది దొరికితే అది. సగం వార్త చదివి, మిగతా సగం కోసం మళ్లీ కొట్టుకు పోయి, అక్కర లేకున్నా పావుశేరు శనగపప్పు కొనుక్కొచ్చిన మనిషిని. యాభై ఏళ్లలో ఆ కాగితాల నిండా రాజులు, దొంగలు, ఎరువుల ధరలు కనబడ్డాయి గానీ, మగవాడికి రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న ముక్క ఒక్కటీ కనబడలేదు. రాసేవాళ్లకు అది రాయదగ్గ సంగతిగా తోచలేదేమో. అందుకే నేను రాస్తున్నాను.

కోశారు, మందెక్కించారు, కరెంటు పెట్టారు. ఎనిమిది తొమ్మిది నెలల్లో అదంతా అయిపోయింది. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. నేను దాచిపెట్టిన రోగాన్ని మా ఊరు తీసుకుపోయి నా భార్య నెత్తిన ఎట్లా పెట్టిందో, దాన్ని దించడానికి నాకు అన్నేళ్లు ఎందుకు పట్టిందో చెప్పాలి.

పాల్మాకుల దాటి లోపలికి పోతే మా ఊరు. మా చెలకలో సగం విమానాశ్రయం కింద పోయింది. మిగిలిన సగంలో టమాట, పాలకూర వేసేవాళ్లం. 2008లో విమానాలు దిగడం మొదలైన నాటి నుంచి మా ఊరివాళ్లకు ఒక కొత్త అలవాటు వచ్చింది. మాట మధ్యలో విమానం వస్తే నోరు తెరిచినట్టే ఆగి, అది పోయాక ఆ మాటనే అందుకుంటారు. తిట్లైనా అంతే.

రోగం బయటపెట్టింది నా భార్య. వీపు రుద్దుతూ రుద్దుతూ ముందుకొచ్చి, "ఈడ గట్టిగ ఏందో తాకుతుందయ్యా" అన్నది. కురుపన్నాను. బెల్లం, సున్నం కలిపి పట్టీ వేశాను. నెల రోజులు వేశాను. ఆమె నెల రోజులు ఊరుకుని, ఒక పొద్దున నా చెప్పులు తెచ్చి ముందు పెట్టి, "నడువు" అన్నది.

నగరంలో పెద్ద దవాఖాన. కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి కాగితం చూసి, "పేషంటును లోపలికి పంపించి మీరు బయట కూర్చోండి" అన్నది.

"నేనే పేషంటును."

ఆమె నన్ను చూసింది, నా భార్యను చూసింది, మళ్లీ కాగితం చూసింది. "అమ్మా, నువ్వు రా" అన్నది.

ఆ తర్వాతి ఐదేళ్లలో ఆరు నెలలకోసారి ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను. అమ్మాయిలు మారారు గానీ మాట మారలేదు. కోసిన తర్వాత ఇంటికి పంపేటప్పుడు నా చేతిలో ఒక రంగుల కాగితం పెట్టారు. కొంగు ఎటు వేసుకుంటే తేడా కనబడదో, రవికె లోపల దూది ఎట్లా కుట్టుకోవాలో బొమ్మలు వేసి ఉన్నాయి. నేను అచ్చులో ఉన్నది చదవకుండా వదలను. మొదటి నుంచి చివరి దాకా చదివాను. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

అక్కడి బెంచీ మీదనే ఒకామె పరిచయమైంది. కోస్తా నుంచి వచ్చి శంషాబాద్‌లో కిరాయికి ఉంటున్నారు, విమానాశ్రయంలో సరుకు ఎక్కించే చోట ఆఫీసు పని. నలభై ఐదు ఉంటాయేమో. సరిగా పైకి లేవని నా ఎడమ చెయ్యి చూసి అడిగింది.

"ఏమీ అనుకోకండి పెద్దాయనగారూ, ఇది మీకేనాండీ? నేను అమ్మగారికనుకున్నాను."

"అందరు గట్లనే అనుకుంటున్నరమ్మా. నాకే."

"నాకు కుడివైపు. మీకు?"

"ఎడమ."

"అయితే మనిద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి లెక్కండీ" అన్నది. ఏడాదిగా నా దగ్గర ఎవరూ అట్లా తేలిగ్గా మాట్లాడలేదు. చెయ్యి పైకి లేవడానికి గోడ మీద వేళ్లు పురుగు పాకినట్టు ఎట్లా పాకించాలో ఆ వరండా గోడ మీదనే చూపించింది. ఇంటికొచ్చి పశువుల కొట్టంలో గోడ మీద రోజూ పాకించాను. వేళ్లు ఎంతదాకా పోతే అంతదాకా నా భార్య బొగ్గుతో గీత పెట్టేది. ఏడాది తిరిగినా నా గీత మా దూడ తల దాటలేదు.

ఊళ్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. తెలిసింది మా ఇద్దరికీ, హిమాయత్ సాగర్ వైపు ఇచ్చిన కూతురికీ. భుజంలో గడ్డ తీశారని ఒక మాట వదిలాను. మందులకు జుట్టంతా రాలిపోతే, "గుట్టకు పోయి దేవునికి గుండు ఇచ్చొచ్చినవా?" అని అడిగారు. అవునన్నాను. "మరి ప్రసాదమేది?" అన్నారు. ఆ పూట నా భార్య గంగాళమంత పులిహోర చేసి ఇంటింటికీ పంచింది. నా కోసం ఆమె మోసిన మొదటి అబద్ధం అదే. బాగా కుదిరిందన్నారు అందరూ.

అంత సిగ్గెందుకని మీరడగవచ్చు. నన్ను నేను చాలాసార్లు అడిగాను. నైజాం కాలంలో పుట్టి, రజాకార్ల పేరు వింటే మా అమ్మ నన్ను గడ్డివాములో దాచిన సంగతి గుర్తున్నవాణ్ణి. భూమి కొలవడానికి వచ్చిన అధికారిని గట్టు మీద నిలబెట్టి గొలుసు సరిగా పట్టమన్నవాణ్ణి. పంచాయతీలో నా గొంతు వింటే సర్పంచులు చెమట తుడుచుకోవడానికి దస్తీ తీసేవాళ్లు. అటువంటి నాకు ఆ ఒక్క మాట నోటికి రాలేదు. చొక్కా రెండు బొత్తాలు ఎప్పుడూ తీసి తిరిగినవాణ్ణి, మెడ దాకా పెట్టుకోవడం మొదలుపెట్టాను.

మందులన్నీ అయ్యాక ఒక చిన్న తెల్ల మాత్ర మిగిలింది. రోజుకొకటి, ఐదేళ్లు వేసుకోవాలన్నారు. శంషాబాద్‌లో బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉన్న మందుల దుకాణంలో తెచ్చుకునేవాణ్ణి. మొదటిసారి చీటీ చూపించగానే దుకాణదారు గొంతు తగ్గించాడు.

"గీ గోలీలు మా మేనత్త గూడ వాడింది కాకా. అంటే… మన చిన్నమ్మకా?"

దుకాణంలో మా ఊరివాళ్లు ఇద్దరున్నారు. నేను "ఊఁ" అన్నాను.

"అయ్యో. జర మంచిగ చూస్కో కాకా. ఆడమనిషి, లోపల లోపల కుములుతది."

"ఊఁ."

నోరు తెరవకుండా అన్న ఆ రెండు ఊఁలతో నా రోగం చేతులు మారింది. ఆ రోజు నాకు ఎంత హాయిగా అనిపించిందో కూడా రాయాలి. తప్పించుకున్నాననుకున్నాను.

మాత్రలు ఊరికే ఉండలేదు. శ్రావణంలో వాన పడుతుంటే, ఒంట్లో ఎవరో పొయ్యి ముట్టించినట్టు పొట్ట నుంచి మెడ దాకా మంట లేచేది. చెమటతో చొక్కా తడిసిపోయేది. చేటతో విసురుకుంటూ అరుగు మీద కూర్చుంటే, నా భార్య గడప మీద నిలబడి కాసేపు చూసింది.

"కింది నుంచి పైకి లేస్తుందా?"

"అవు."

"చెవులు కాలుతున్నయా?"

"అవునే. నీకెట్ల తెలుసు?"

"నాకు ముట్లాగినప్పుడు గివే వచ్చినయ్. రెండేండ్లు. గప్పుడు నువ్వేమన్నవ్ యాదికుందా? నాటకాలాడుతున్నవన్నవ్."

నా జ్ఞాపకశక్తి గొప్పదని ఊళ్లో పేరుంది. ఆ మాట మాత్రం గుర్తు లేదన్నాను. ఆమె నమ్మలేదు. చేట లాక్కుని విసిరింది మాత్రం తనే.

ఇంకొక సంగతి. ఎడమ చేతితో బరువెత్తవద్దన్నారు డాక్టరు. చంకలో గ్రంథులు తీసేశారట, బరువెత్తితే చెయ్యి వాస్తుందట. ఒకసారి టమాట డబ్బా ఎత్తి చూశాను. సాయంత్రానికి మణికట్టు సొరకాయంత అయింది. అప్పటి నుంచి బోరు దగ్గరి నుంచి బకెట్లు, గడ్డిమోపులు, డబ్బాలు అన్నీ నా భార్యే మోసింది. నేను పక్కన చేతులూపుకుంటూ నడిచేవాణ్ణి. ఊళ్లో నన్ను చూసే చూపులు మారడం గమనించాను గానీ కారణం తెలియలేదు. పాలకేంద్రం దగ్గర ఒకడు ముఖం మీదనే అడిగాడు.

"ఏం కాకా, బకెట్లన్ని చిన్నమ్మతోనే మోయిస్తున్నవ్? నీకేమాయె, దుక్కలెక్క ఉన్నవ్ గద."

"మా ఇంటి బకెట్లు నీకెందుకురా?"

"ఏం లేదు, జర దేవునికి భయపడమంటున్న."

వీడికి పిచ్చెక్కిందనుకున్నాను. ఏడాదిన్నర పాటు ఊరంతటికీ కొంచెం కొంచెం పిచ్చెక్కిందనే అనుకున్నాను.

ఇక్కడ నా భార్య చేతుల గురించి చెప్పాలి. మా వైపు ఆడపిల్లకు పెళ్లప్పుడూ, తర్వాత కొన్నేళ్లకోసారీ పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. బియ్యానికి పసుపూ నూనే పట్టించి, ఎండుకొబ్బరి కుడుకలూ పోకవక్కలూ ఖర్జూరాలూ కలిపి, ఐదుగురు ముత్తైదువలు దోసిళ్లతో ఆ పిల్ల ఒళ్లో పోస్తారు. ఆ బియ్యం కలపడం తేలికేమీ కాదు. నూక ఒక్కటి ఉండకూడదు, పసుపు ఉండ కట్టకూడదు, ఒక గింజ ఎక్కువ పచ్చగా, ఒక గింజ తెల్లగా ఉండకూడదు. మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఎవరింట్లో ఒడిబియ్యమైనా కలిపేది నా భార్యే. ఆమె చెయ్యి పడితే పిల్ల సంసారం చల్లగా ఉంటుందని పేరు. బొట్టు పెట్టి పిలిచేవాళ్లు. కలిపి వచ్చాక మూడు రోజుల దాకా ఆమె అరచేతులు పచ్చగా ఉండేవి. ఆ చేతులతో పెట్టిన అన్నం కొంచెం పసుపు వాసన వేసేది. నేను విసుక్కునేవాణ్ణి.

2011 మాఘంలో మా వీధిలోనే ఒకరింట్లో పిల్లకు ఒడిబియ్యం పోశారు. నా భార్య పోయి వచ్చింది. మధ్యాహ్నం అన్నం పెడుతుంటే చూశాను. అరచేతులు తెల్లగా ఉన్నాయి.

"బియ్యం నువ్వు కలుపలేదా?"

"మోకాళ్లు నొస్తున్నయ్. కింద కూసోలేక వద్దన్న."

పొద్దున ఆమె గంటసేపు కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలవడం నేను చూశాను. కానీ నాకు ఆకలిగా ఉంది. ఊరుకున్నాను.

ఆ వారమే మాత్రల కోసం శంషాబాద్ పోయాను. దుకాణదారు మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తూ, "చిన్నమ్మకెట్లుంది కాకా? మీ ఊరోళ్లు వచ్చినప్పుడల్లా అడుగుతుంటరు. మంచిగనే ఉంది, గోలీలు టైముకు తీస్కపోతున్నరని నేనే చెప్తున్న" అన్నాడు. మేలు చేస్తున్నానన్న తృప్తి ఆయన ముఖంలో వెలిగిపోతోంది.

"ఏమడుగుతుంటరు?"

"గదే… అంటుకుంటదా అని. అంటుకోదని చెప్తున్న. వాళ్లు ఇంటరా?"

చుట్టిన కాగితం పాత వార్తాపత్రిక. ఎప్పటిలాగే చదవబోయాను. అక్షరాలు ఆనలేదు. బస్సులో కూర్చున్నాక బకెట్లు గుర్తొచ్చాయి, పాలకేంద్రం దగ్గర దేవుడు గుర్తొచ్చాడు, తెల్లటి అరచేతులు గుర్తొచ్చాయి. ఊరి దృష్టిలో నేను రొమ్ము క్యాన్సర్ ఉన్న పెళ్లాంతో గడ్డి మోపించే మొగుణ్ణి. ఆమె, ముట్టుకుంటే రోగం అంటించే మనిషి.

ఇంటికి పోయి కేకలు వేశాను. ఊరిని తిట్టాను, దుకాణాన్ని తిట్టాను. ఆమె పాలకూర కట్టలు కడుతూనే ఉంది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి సంది?"

"గా పులిహోర పంచిన మరుసటేడు సంది. ముందుగాల మన గిన్నె తిరిగిచ్చేటప్పుడు నా చేతికియ్యకుండ అరుగు మీద పెట్టిపోయిన్రు. అటెన్క బియ్యం కలుపనీకె పిలుసుడు బంద్ జేసిన్రు. తినిపో అని మాత్రం అంటరు. వేరే ఇస్తరిల పెడ్తరు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేస్తుంటివి? అంగి ఇప్పి చూపిస్తుంటివా?"

నా చెయ్యి మెడ దగ్గరి బొత్తాన్ని తడుముకుంది.

"బరువులెత్తద్దన్నరు గద నిన్ను" అన్నది, కట్ట ముడి బిగిస్తూ. "నేనే మోస్తున్న తియ్."

ఇది విన్నాక మర్నాడే వీధిలోకి పోయి నిజం చెప్పానని రాయగలిగితే బాగుండేది. చెప్పలేదు. ఏడాది పైన గడిపాను. ప్రతి పండక్కీ ఈ పండగ పోనీ అనుకున్నాను. పంచాయతీలో మరుగుదొడ్ల బిల్లు మీద రెండు గంటలు న్యాయం మాట్లాడి ఇంటికొచ్చి, గోడ మీద వేళ్లు పాకించుకునేవాణ్ణి. ఒకరోజు చూస్తే ఆమె చేట ముందు పెట్టుకుని బియ్యంలో నూకలు ఏరుతోంది. ఎవరి ఇంట్లోనూ ఒడిబియ్యం లేదు. "ఎందుకేరుతున్నవ్?" అన్నాను. "అన్నంల నూకలుంటే నీకు నచ్చదు గద" అన్నది. నలభై ఏళ్లుగా నూకలన్నం తిన్న నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

2012 ఎండాకాలంలో మా వదినె మనవరాలి పెళ్లి. వదినె అంటే మా పెద్దనాన్న కొడుకు భార్య. అప్పటికే ఎనభై దగ్గర. నేను నిక్కరు వేసుకున్న నాటి నుంచి నన్ను "పిలగా" అనే పిలుస్తుంది. మా వాడకట్టుకు ఆమె మాటే మాట. మగవాళ్లం పందిట్లో కూర్చున్నాం. ఆడవాళ్లు హాల్లో కొత్త చాప మీద తాంబాళాల్లో బియ్యం పోసి కలుపుతున్నారు. నా భార్య హాల్లో లేదు. తలుపు బయట అరుగు మీద, చెప్పుల పక్కన కూర్చుంది.

బియ్యం కలుపుతున్నది ఎవరో చిన్న పిల్ల. నూనె ధారగా పోసేస్తోంది. నా భార్య మెడ చాచి, "నూనె ఎక్కువైతుంది బిడ్డా, పసుపు ఉండలు కడ్తది" అన్నది.

ఎవరూ తల తిప్పలేదు.

ఆమె మరోసారి, ఇంకొంచెం నెమ్మదిగా అన్నది. అంతే. ఇక అనలేదు. కానీ ఆమె కుడి చెయ్యి, ఆమెకు తెలియకుండానే, ఒళ్లో లేని బియ్యాన్ని కలుపుతోంది. బొటనవేలితో ఉండలు నలుపుతోంది.

నేను లేచాను. చెప్పులు దాటి హాల్లోకి పోయాను.

"ఏం పిలగా, గీడికెందుకొచ్చినవ్? ఆడోళ్లల్ల నీకేం పని?" అన్నది వదినె.

బొత్తాలు విప్పడం మొదలుపెట్టాను. ఎవరో కిసుక్కుమన్నారు. "తాగినట్టున్నడు" అన్నారు ఇంకెవరో. కుడి చెయ్యి చొక్కాలోంచి వచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు. భుజం దగ్గర చిక్కుకుని వేలాడింది. ఎదురుగా అందరికీ కనబడింది చాలు. రొమ్ము ఉండాల్సిన చోట రొమ్ము లేదు. గోనెసంచి మూతి కుట్టినట్టు, చంక దాకా అడ్డంగా ఒక గీత ఉంది.

నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది.

ఏం చేస్తాం? అలవాటు. నేను నోరు తెరిచినట్టే ఆగాను, వాళ్లు గుడ్లు తెరిచినట్టే ఆగారు. సగం చొక్కాతో, చేతులకు పసుపంటిన అంతమంది ఆడవాళ్ల మధ్య, ఆ ఇంజను చప్పుడు పోయేదాకా నిలబడ్డాను. నా జన్మలో అంత పొడుగు విమానం చూడలేదు.

"గోలీలు నాయి" అన్నాను, చప్పుడు తగ్గాక. "రోగం నాది. మూడేండ్ల కింద కోసిన్రు. మా ఇంటిదానికేం లేదు. సిగ్గయి నేనే దాచిన."

గెలిచాననుకున్నాను. అప్పుడు మూల నుంచి ఒక గొంతు, జాలిగా అన్నది:

"సూసిన్రా, నేను చెప్తే ఇనకపోతిరి. పాపం, ఆమెది ఈయనకంటింది."

హాలంతా కదిలింది. నాకు దగ్గరగా కూర్చున్నవాళ్లు తాంబాళాలతో సహా వెనక్కి జరిగారు. నేను పొట్లాం కాగితాల చదువంతా బయటికి తీసి, అంటుకునే రోగాలేవో అంటుకోనివేవో అరిచి చెప్పాను. విననివాళ్లకు అదొక మంచి అవకాశమైంది. అందరూ ఒకేసారి మాట్లాడుకున్నారు.

"నోర్లు ముయ్యుండ్రే" అన్నది వదినె. కర్ర పట్టుకుని లేచి, తలుపు దగ్గరికి పోయి, నా భార్యను చూసి, "ఇటు రా" అన్నది. లోపలి గదిలోకి తీసుకుపోయి గడియ పెట్టింది.

ఎంతసేపో కాలేదు. గడియ తీసిన చప్పుడయింది. వదినె ముందు వచ్చింది.

"దీనికేం కోయలే, ఏం కుట్టలే. బిడ్డకు పాలిచ్చినయి ఇచ్చినట్టే ఉన్నయ్" అని, ఊరి పెద్ద తీర్పు చెప్పినట్టు చెప్పింది. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. "ఇగ చేతులు కడుక్కొని వచ్చి కూసోవే. గీ పిల్ల బియ్యాన్ని పులిహోర జేస్తుంది."

తర్వాత నావైపు తిరిగింది. "నువ్వింక గట్లనే నిలబడ్డవేంది పిలగా? అంగేసుకో."

వేసుకోవడం నా వల్ల కాలేదు. చెయ్యి వెనక్కి పోదు. నా భార్యే వచ్చి, అందరి ముందూ చొక్కా తొడిగి, ఒక్కొక్క బొత్తం పెట్టింది. ఏమైనా అంటుందేమోనని ఎదురుచూశాను. పైబొత్తం దగ్గర ఆగి, నాకొక్కడికే వినబడేట్టు, "కొత్తంగి. సంక కాడ చినిగింది" అన్నది.

మూడు రోజులు ఆమె చేతులు పచ్చగా ఉన్నాయి. పసుపు వాసన అన్నం మూడు రోజులు తిన్నాను. విసుక్కోలేదు.

ఆ తర్వాత నేను ఊళ్లో చూడదగ్గ వస్తువునయ్యాను. పాలకేంద్రం దగ్గర మగవాళ్లు చాటుకు పిలిచి, "జర చూపియ్యి కాకా" అనేవాళ్లు. ఒకడు విమానాల చప్పుడుకే వచ్చిందేమోనన్నాడు, ఇంకొకడు పాలకూర ఎక్కువ తింటే వస్తుందా అన్నాడు. దేవుడికి భయపడమన్నవాడు మాత్రం బకెట్ అందుకుని మా ఇంటి దాకా మోసుకొచ్చి, ఏమీ అనకుండా పోయాడు. మందుల దుకాణదారుకు అసలు సంగతి చెప్పాను. నమ్మినట్టే తలూపి, మరుసటి నెల మళ్లీ, "చిన్నమ్మకెట్లుంది?" అన్నాడు.

కానీ నాలో ఒక మంట చల్లారలేదు. అది మాత్రల మంట కాదు. వదినె తీర్పు నేను ఎన్నిసార్లు తిరగేసినా ఒకటే తేలింది. ఆమెకు రోగం లేదు కాబట్టి లోపలికి రానిచ్చారు. నిజంగా ఉంటే? చెప్పుల పక్కనే కూర్చునేది. నేను చొక్కా విప్పి గెలిచానని ఊరు నవ్వుకుంటోంది గానీ, నేను రుజువు చేసింది నా పెళ్లాం సరుకులో లోపం లేదని, అంతే. ఒకనాడు ఈ మాటే గట్టిగా అన్నాను.

"నీకిప్పుడు తోచిందా?" అన్నది ఆమె. "నాకు గా గదిల రవికె ముడి ఇప్పేటప్పుడే తోచింది."

2014లో మాత్రలు అయిపోయాయి. ఇక అక్కర లేదన్నారు డాక్టరు. కిటికీ దగ్గరి అమ్మాయి చివరి కాగితం మీద ముద్ర వేసి, నా భార్య చేతిలో పెట్టి, "ధైర్యంగా ఉన్నావమ్మా, సంతోషం" అన్నది. నా భార్య సరేనన్నది. బయట బెంచీ మీద మా కోస్తా ఆమె ఉంది. ఆమెకింకా ఏడాది మాత్రలున్నాయి.

ఆ నెలలోనే మా కూతురికి ఒడిబియ్యం పోయాలి. అందరికీ బొట్టు పెట్టి వచ్చాక, నా భార్య కుంకుమ భరిణె పట్టుకుని శంషాబాద్ బస్సెక్కింది. నన్నూ రమ్మన్నది. కోస్తా ఆమె తలుపు తీసి, భరిణె చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"నన్ను పిలవకూడదేమోనండీ. మా వైపు కూడా ఇటువంటి వాటికి… ఈ మధ్య పిలవడం లేదండీ."

"మీ దిక్కు సంగతి నాకు తెల్వదమ్మా. నేను బొట్టు పెట్టిన. రాకుంటెట్ల?"

ఆమె వచ్చింది. మంచి పట్టుచీర కట్టుకుని, హాల్లో గోడకు అంటుకుని నిలబడింది. నేను తలుపు బయట అరుగు మీద ఉన్నాను. నా భార్య పచ్చటి చేతులతో తాంబాళం జరిపి, "నువ్వు రామ్మా, ముందు నువ్వు పొయ్యి" అన్నది.

వదినెకు అప్పటికి చూపు సరిగా ఆనడం లేదు. "ఎవలామె?" అన్నది.

"మాకు దవాఖానల తెలిసినామె. ఈమెకు గూడ కోసిన్రు. కుడిదిక్కు."

హాల్లో గాజుల చప్పుడు ఆగిపోయింది. ఒకామె మెల్లగా లేచి, పిల్లవాడు ఏడుస్తున్నాడని బయటికి పోయింది. ఆమె వెంట ఇంకొకామె కూడా పోయింది. ఏ పిల్లవాడూ ఏడవలేదు. నేనక్కడే కూర్చుని ఉన్నాను కదా.

వదినె కర్ర నేలకు తాటించింది. "లోపలికి తీస్కపోయి సూడాల్నా ఏందే?"

"సూసుడెందుకు?" అన్నది నా భార్య. "లేదని నేనే చెప్తున్న గద."

తలుపులోంచి నాకు మా కూతురు కనబడుతోంది. పీట మీద కూర్చున్న పిల్ల తలెత్తి వదినెను చూడలేదు, తల్లిని చూడలేదు. కొంగు రెండు చేతులా పట్టుకుని, ఇంకొంచెం వెడల్పుగా చాచింది.

"పొయ్యండత్తా" అన్నది, కోస్తా ఆమెతో.

కుడి చెయ్యి ఆమెకు పైకి లేవదు. నా సంగతే. దోసిలి పట్టడానికి నడుము వంచాల్సొచ్చింది. ఐదుసార్లు వంగింది. బియ్యం పడిన చప్పుడు ఐదుసార్లూ విన్నాను. తర్వాత వదినె గొంతు వినబడింది. "ఇగ నిలబడ్డరేంది, తర్వాతోళ్లు రాండ్రి. అన్నం సల్లారుతుంది." లేచిపోయిన ఇద్దరూ భోజనానికి వచ్చారు గానీ, బియ్యం పొయ్యడానికి రాలేదు. నా భార్య వాళ్లకు అందరితో పాటు ఒకే వరుసలో విస్తర్లు వేసింది.

సాయంత్రం ఆమెను బస్సెక్కించడానికి రోడ్డు దాకా పోయాం. ఆమె తన అరచేతులు తెరిచి చూసుకుంటోంది.

"ఈ పసుపు ఎప్పటికి పోతుందండీ? రేపు ఆఫీసుకు వెళ్లాలి."

నా భార్య జవాబు చెప్పబోతుంటే పైన విమానం వచ్చింది. ముగ్గురం ఆగాం. అది చెలకల మీదుగా వంగి దిగిపోయింది.

"మూడు రోజులుంటది" అన్నది నా భార్య. "సబ్బు పెట్టి రుద్దకు."